హైదరాబాదు పాతబస్తీకి పోవు సోదరీమణులకు

సముద్రతీరమున బుట్టి పెరిగిన మన విశాఖపట్టణపు స్త్రీలకు దూరదేశపు సంగతులు క్రొత్తవి కావు. 1933వ సంవత్సరమున రేవు తెఱవబడినది మొదలు నానాదేశముల యోడలును మన కన్నులయెదుటనే వచ్చి పోవుచున్నవి. ఐనను, ఒక్క రాత్రి రైలులో గడపినచో జేరదగిన హైదరాబాదు పాతబస్తీ యనగానే మనలో ననేకులకు జంకు గలుగును. అచటి భాష రాదనియు, మర్యాదలు తెలియవనియు దలచి, చార్మినారును బండిలోనుండియే చూచి మరలివచ్చువారిని నే నెఱుగుదును. మొదట నేనును అట్టిదాననే. పిదప మూడుమారులు పోయి నేర్చుకొన్న విషయములను, చేసిన పొరపాటు నొకదానిని, సోదరీమణుల కుపయోగపడునను నాశతో నిచట వ్రాయుచున్నాను.

ఆ నగరమునకు బునాది వేసిన కుతుబ్‌షాహీ ప్రభువుల మూలపురుషుడు పారసీకదేశమునందలి హమదానునుండి వచ్చినవాడు. 1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్‌షా క్రొత్త రాజధానిని గట్టించునపుడు, అతనికి దోడ్పడిన మంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీయు బారసీకుడే. తరువాత నేలిన నిజాముల కాలమునను, 1880వ దశకమువఱకు రాచకార్యములు పారసీకభాషయందే జరిగెను. నేడు వీథులలో వినబడునవి ఉర్దూ, తెలుగు. పారసీకము శాసనములయందును, గ్రంథములయందును, ముఖ్యముగా బేళ్లయందును నిలిచియున్నది. ఆ పేళ్ల యర్థము తెలిసికొన్నచో సగము జంకు తీరును. 'చార్' అనగా నాలుగు. చార్మినారు నాలుగు మీనారులు గలది. 'కమాన్' అనగా విల్లు, విల్లువలె వంగిన తోరణము. కనుక చార్‌కమాన్ నాలుగు తోరణములు. 'గుల్జార్' పూదోట. 'ఫలక్‌నుమా' ఆకాశమును జూపునది. 'ఆబాద్' జనులు నివసించు తావు.

భాష రాదని మన మేల వెఱవవలె? బజారునకు బోయి, దర్జీకి రవికగుడ్డ నిచ్చి, జరీచీర కొని, రుమాలుతో మొగము దుడుచుకొని, బాదము పిస్తా పొట్లము గట్టించుకొని, ఖర్చు లెక్క వ్రాసికొను గృహిణి తనకు దెలియకయే పారసీకపు మాటలు పలుకుచున్నది. గుమాస్తా, సిఫారసు, దస్తావేజు, జాగా మున్నగునవియు నట్టివే. గులాబికి ఆ పేరు వచ్చినది 'గుల్' అను పువ్వునుండియు, 'ఆబ్' అను నీటినుండియు. మన సీమను సర్కారు జిల్లాలనుటలోని 'సర్కారు' సైతము ఆ భాషదే. శ్రీకాకుళము సర్కారులో మన ప్రాంతముగూడ జేరియుండెను. గోలకొండ ప్రభువుల యధికారి షేర్ మహమ్మదు ఖాను 1641లో గట్టించిన మసీదు నేటికిని శ్రీకాకుళమున గలదు. అటనుండి మనకడకు రాకపోకలు లేనిదెన్నడు?

ఇక ప్రయాణపు సంగతులు. విశాఖనుండి సికింద్రాబాదు సుమారు 700 కిలోమీటర్లు. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్సు సాయంత్రము బయలుదేరి తెల్లవారుసరికి జేర్చును. పిల్లలతో రాత్రి ప్రయాణ మొల్లనివారికి 2023నుండి వందే భారత్ బండి పగటిపూట నడచుచున్నది. పాతబస్తీకి శుక్రవారము పోకుండుట మేలు. ఆనాడు మధ్యాహ్నము మక్కా మసీదుచెంత ప్రార్థనకు జనము క్రిక్కిఱిసి యుందురు. సాలార్ జంగ్ మ్యూజియము మూయబడి యుండును. ఆ మ్యూజియమున ముసుగులోని రెబెకా శిల్పము నెల్లరును జూతురు. దానితో దృప్తి పడక, పారసీక గ్రంథములును, తివాసీలును గల గదులను సావధానముగా జూడుడు. చేతిపనియం దాసక్తి గల స్త్రీ కా తివాసీలయెదుట గంట నిమిషమువలె గడచును.

గోలకొండపై బాలా హిస్సారు చేరుటకు సుమారు 360 మెట్లెక్కవలెను. తెల్లవాఱగనే పొండు, నీటిసీసాయు, మడమ యెత్తులేని చెప్పులును మఱువకుడు. దాని సమీపమందలి కుతుబ్‌షాహీ సమాధులలో హయాత్ బఖ్షీ బేగము సమాధి నొకటి తప్పక చూడవలెను. ఆమె మహమ్మదు కులీ కుమార్తె. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. కుమారుడు బాలుడుగా నున్న దినములలో రాజ్యభారము నడపి, 1667లో గతించినది. హయాత్‌నగర మామె పేరిటిదే.

దర్గాలయందును, ఆషూర్‌ఖానాలయందును చెప్పులు వెలుపల విడిచి, తలపై కొంగు గప్పుకొనవలెను. స్త్రీ లెంతవఱకు బోవచ్చునో వాకిటనే యడిగి తెలిసికొనుడు. అడిగినవారిని తప్పుపట్టువా రుండరు. ముసుగు వేసికొన్న స్త్రీలకు వారి యనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు. కుడిచేయి నుదుటికెత్తి 'ఆదాబ్' అన్నచో నమస్కారమే. పెద్దస్త్రీని 'ఖాలా' అనియు, కొంచెము పెద్దదానిని 'ఆపా' అనియు బిలిచినచో దుకాణములో సైతము మొగము లరయును. లాడ్ బజారులో లక్కగాజులకు బేరమాడుట వాడుకయే గాని నవ్వుచు నాడవలెను. మాంసము ముట్టనివారు ఇరానీ చాయిని, నానురొట్టెను, ఖుబానీ కా మీఠాను నిశ్చింతగా గోరవచ్చును. రంజాను మాసపు హలీము మాత్రము మాంసముతో జేయునది.

ఇక నా పొరపాటు. మొదటిసారి పోయినది మొహర్రము పదియవ దినమని నే నెఱుగను. ఊరేగింపని విని, ఉత్సవమే యనుకొని, ఎఱ్ఱపట్టుచీర గట్టి, జడనిండ మల్లెలు తురిమి, దారుల్‌షిఫా వీథిప్రక్కన నిలిచితిని. జనులెల్లరును నల్లని దుస్తులలో నుండిరి. దబీర్‌పురానుండి బీబీ కా ఆలము ఏనుగుపై వచ్చుచుండెను. ఎండకు నా నోరెండుట చూచి కాబోలు, ఒక వృద్ధురాలు గ్లాసుతో షర్బతు తెచ్చి యిచ్చెను. త్రాగి, సంచి తెఱచి, వెల యెంతయని రూకలు చూపితిని. ఆమె మొగము చిన్నబోయినది. ఏమో యనినది, చెంతనున్న తెలుగుసోదరి దానిని నాకు దెలిపినది: "దప్పికతో బ్రాణములు విడిచినవారి పేరిట నిచ్చుచున్న నీరు, బిడ్డా! దీనికి వెల గట్టకుము."

క్రీ. శ. 680లో కర్బలా యెడారియందు మహమ్మదు ప్రవక్త మనుమడు హుసేనును, ఆయన పరివారమును నీరులేక తపించి హతులైరి. ఆ దుఃఖమును దలచికొని దారిన బోవువారికి నీరిచ్చు తావును 'సబీల్' అందురని నాడే వింటిని. పీర్లపండుగను మన పల్లెలలో జిన్ననాటినుండి చూచియు, అది యేడ్చు దినమని నేనేల తెలిసికొనలేదు? జడలోని మల్లెలు దీసి కొంగున ముడిచికొని, తలకు ముసుగు వేసికొంటిని. ఆ వృద్ధురాలది చూచి, మాటాడకయే రెండవ గ్లాసు తెచ్చెను. ఈమారు రెండుచేతులతో బుచ్చుకొంటిని.

ఇరాను దేశపు టిస్ఫహాను మొదలగు నగరములకు బోవువారికి మఱియొక మాట. అచట దుకాణదారుడు మర్యాదకై "మీకు వెల యేల?" అనును. దానిని 'తారుఫ్' అందురు. అది నిజమని నమ్మి సరకుతో వెడలిపోరాదు, మరల మరల నడిగి వెల చెల్లింపవలెను. సబీలులో నట్లు గాదు. ఎచట నీయవలెనో, ఎచట నూరక పుచ్చుకొనవలెనో తెలిసినచో బరదేశమున సగము మర్యాద తెలిసినట్లే.

ఏటేట వేసవిలో మా వీథిమొగను చలివేంద్రము పెట్టి మజ్జిగ పోయుదుము. ఒకప్పుడు దారిన బోవు స్త్రీ యొకతె మజ్జిగ త్రాగి కాసు చాపగా, మా యత్తగారు చేయి వెనుకకు దీసికొని, "దాహమునకు వెల యేమమ్మా?" అనిరి. దారుల్‌షిఫా వీథి నాకు మఱల గనబడినది.

మొహర్రము ప్రతి సంవత్సరమును సుమారు పదునొకండు దినములు ముందునకు జరుగుచుండును. కావున సోదరీమణులారా, రైలుటిక్కెట్టు కొనుటకుముందే తేదీలు చూచుకొనుడు. ఆ దినములలోనే పోవలసి వచ్చినచో పట్టుచీర పెట్టెలోనే యుండనిండు. నూలుచీరయు, తలగప్పుటకు జాలినంత కొంగును జాలును.