ఎవరి గుండిగ వారిదే

పూర్వం మా కృష్ణాజిల్లా ఇళ్ళల్లో కొత్త గిన్నె కొంటే, వంటింట్లోకి చేరకముందే దానిమీద పేరు చెక్కించేవారు. పెళ్ళిపందిట్లో పది ఇళ్ళ గుండిగలూ, గంగాళాలూ ఒకచోట చేరతాయి గదా! మర్నాడు తోమి ఎవరిది వారికి అప్పగించడానికి ఆ చెక్కిన అక్షరాలే సాక్ష్యం. ఈ చెక్కుడికీ కంప్యూటరుకీ చుట్టరికం ఉందని, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ఛందస్సు చెప్పుకుంటున్న నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు మా తోట్లవల్లూరు మండలంలో లంకలు మునిగాయి. పసుపు ఎంత, అరటి ఎంత అని అధికారులు లెక్కలు వేసుకున్నారు. గోడల మీది పటాల లెక్క ఏ రికార్డులోకి ఎక్కుతుంది? నీళ్ళు తీశాక చూస్తే ఫొటోలు అద్దాలకి అంటుకుపోయి, పోయినవాళ్ళ మొహాలు రెండోసారి పోయాయి.

మా ఊళ్ళో ఒక స్టూడియో ఆయన దగ్గర పాత నెగటివులు డబ్బాలకొద్దీ ఉన్నాయి. వాటిని స్కాను చేయించాడు. మా అన్నయ్య కొడుకు హైదరాబాదు నుంచి సెలవుకి వచ్చి, జనం వెతుక్కునేందుకు డాట్ నెట్‌లో ఒక ప్రోగ్రాము రాసిపెట్టాడు. తెరమీద గళ్ళుగళ్ళుగా బొమ్మలు. ఒకటి నొక్కితే పక్కన పెద్దదిగా కనబడుతుంది. ఆ గడిని కంట్రోలంటారట. తయారుగా దొరికేవి ఉన్నా, మావాడు కొలత ఇచ్చి కుట్టించుకున్న చొక్కాలాగ సొంతంగా చేసుకున్నాడు.

జనం వచ్చారు. ముప్ఫయ్యో నలభయ్యో బొమ్మలు చూసేసరికి "అవుట్ ఆఫ్ మెమరీ" అని ప్రోగ్రాము చతికిలబడేది. మళ్ళీ మొదలు.

"ఒక్కో బొమ్మ మూడు మెగాబైట్లే గదరా?" అన్నాను.

"అది డిస్కులో మడతపెట్టి ఉన్నప్పుడు, బాబాయ్," అన్నాడు. పట్టుచీర మడతలో ఉంటే పెట్టెలో ఓ మూల ఇముడుతుంది. ఆరేస్తే గదంతా కావాలి. 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు, చుక్కకి 4 బైట్లు. వెరసి ఒక్క బొమ్మకి 4 కోట్ల 80 లక్షల బైట్లు! ఆ స్టూడియోలో ఉన్నది పాత 32 బిట్ల యంత్రం. ఒక ప్రోగ్రాముకి విండోస్ మామూలుగా ఇచ్చే చోటు 2 గిగాబైట్లు. నలభై చీరలు ఆరేస్తే ఇల్లు నిండినట్టే.

వాడకం అయిపోయిన వాటిని ఏరుకుపోయే పనివాడు డాట్ నెట్‌లో లేకపోలేదు. జాన్ మెకార్తీ అనే ఆయన లిస్ప్ భాష గురించి 1960లో అచ్చువేసిన వ్యాసంలోనే ఇల్లాంటి ఏర్పాటు వివరించాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ పనివాడికి కనిపించేది చిన్న చీటీ మాత్రమే. బొమ్మ తాలూకు అసలు సరుకు విండోస్ వారి గోడౌనులో ఉంటుంది. చీటీయే గదా, తొందరేముంది, అని అతగాడు తాపీగా కూర్చుంటాడు. అంచేత రాసినవాడే "డిస్పోజ్" అని నోరు విప్పి చెప్పాలి.

తెలిసిందే తడవు మావాడు దొరికినవన్నీ డిస్పోజ్ చేశాడు. మర్నాడు లంకనుంచి ఒక మామ్మగారు వచ్చారు. భర్తది ఉన్నది ఒకే ఫొటో, అదీ ఏట్లో పోయింది. గళ్ళల్లో ఆయన్ని గుర్తుపట్టి, "అదుగో!" అన్నారు. మావాడు నొక్కాడు, పెద్దగా చూపించాడు, ఇంకోటి చూద్దామని పక్కది నొక్కాడు. అంతే! ఆయన ఉన్న చిన్న గడిలో తెల్లటి పలకమీద ఎర్రటి ఇంటూ గుర్తు!

"ఆయన్నెందుకు కొట్టేశావు నాయనా?" అన్నారావిడ.

పెద్ద గడీ చిన్న గడీ ఒకే బొమ్మని పంచుకుంటున్నాయి. పెద్దది తన పని కాగానే దాన్ని పారేసింది; చిన్నది మళ్ళీ గీయబోయి లేని బొమ్మకోసం తడుముకుంది. ఆ ఎర్ర గుర్తు, గీయలేక విండోస్ పెట్టిన దండం.

అప్పుడు చెప్పాను గుండిగల సంగతి. కొన్నది మనదైతే మనమే తోమి బోర్లించాలి. ఎరువు తెచ్చినది ఇచ్చినవారికి చేరాలి గాని, మనం సొట్ట పెట్టడానికి వీల్లేదు. వాడు కాసేపు ఆలోచించి, రాత్రికి రాత్రి తిరగరాశాడు. ఇప్పుడు అసలు బొమ్మని తెరిచి, 200 చుక్కల వెడల్పు, 150 చుక్కల ఎత్తుతో సొంత నకలు తీసుకుని, అసలుని వెంటనే మూసేస్తాడు. నకలుకి 1,20,000 బైట్లు చాలు, అంటే నాలుగువందలో వంతు. గడి పోయేటప్పుడు తన నకలు తనే పారేస్తుంది. పెద్ద గడి తనకి కావలసినది తానే తెరుచుకుని తానే మూసుకుంటుంది. దీంతో ఇంకో పీడా వదిలింది: అసలు తెరిచి ఉన్నంతసేపూ, ఆ ఫైలుకి పేరు మారుద్దామంటే "వాడుకలో ఉంది" అని మొండికేసేది.

బొమ్మల చుట్టూ వేసే పూల అంచు ప్రోగ్రాములోనే ఇమిడ్చిన బొమ్మ. దాన్ని అడిగినప్పుడల్లా డాట్ నెట్ కొత్తది చేసి ఇస్తుందట! మంచినీళ్ళు అడిగిన ప్రతిసారీ బజారుకెళ్ళి కొత్త గ్లాసు కొనుక్కొచ్చే నౌకరన్నమాట. ఒక్కసారి అడిగి దాచుకోవడంతో అదీ కుదుటపడింది.

మామ్మగారి పటం మూడోనాటికి అచ్చయి చేతికొచ్చింది. ఆవిడ దాన్ని చీర కొంగులో చుట్టుకుని బస్సెక్కారు. స్కాను అయిపోయింది గనక ఇక ఆ నెగటివుల డబ్బాలు పారెయ్యనా అని స్టూడియో ఆయన నన్నడిగాడు. అవి ఇప్పుడు మా ఇంటి అటకమీద ఉన్నాయి.