నందమూరి దర్శకత్వం – మా బావగారితో తెగని తగవు

మిరప కల్లంలో కాపలా పడుకొన్నవారికి ఒక పట్టాన నిద్ర రాదు. పగలంతా ఎండిన కాయల ఘాటు రాత్రి చల్లగాలికి మెల్లగా లేచి ముక్కుపుటాలను తాకుతూనే ఉంటుంది. అటువంటి ఒక ఫాల్గుణమాసపు రాత్రి మా బావగారికీ నాకూ మొదలైన తగవు నలభై ఏళ్లు దాటినా తీరలేదు. నందమూరి తారక రామారావుగారు తామే నటించి, తామే దర్శకత్వం వహించిన చిత్రాలలో ఉత్తమమైనది ఏది? ఇదీ తగవు. బావగారి దృష్టిలో అసలిది ప్రశ్నే కాదు, 'దానవీరశూరకర్ణ'. నా మాట 'సీతారామకల్యాణం'.

బావగారు మా అక్కగారి భర్త. అయిదో తరగతితో బడికి స్వస్తి చెప్పి ప్రత్తి, మిరప నమ్ముకొన్న రైతు. నేను భాషాప్రవీణ చదివి, ముప్పై ఏళ్లకు పైగా ప్రకాశం జిల్లా ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడిని. కనుక ఈ వాదంలో గెలుపు నాదే కావాలని ఎవరైనా అనుకొంటారు. నేనూ అలాగే అనుకొన్నాను.

నా పక్షం ముందుగా విన్నవించుకొంటాను. 'సీతారామకల్యాణం' 1961 జనవరిలో వచ్చింది. గుంటూరు ఎ.సి. కళాశాలలో చదివి, ఈ జిల్లాలోనే కొద్దిరోజులు సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం చేసి వదిలేసిన ఆ యువకుడు అప్పటికి తిరుగులేని కథానాయకుడు. అట్టివాడు తొలిసారి దర్శకత్వానికి పూనుకొని, రాముని వేషం హరనాథ్‌కు ఇచ్చి, తాను రావణుడయ్యాడు. పైగా తెరమీద దర్శకుని పేరే వేసుకోలేదు! కె.వి. రెడ్డిగారిని దర్శకత్వం వహించమని కోరగా, కృష్ణుడిగా ప్రజలు కొలిచే మనిషిని రావణుడిగా చూపడానికి ఆయన ఒప్పుకోలేదని చెప్పుకొంటారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, ఆ చిత్రంలో కనిపించే సంయమనం మాత్రం నిజం. రావణుడు కైలాసాన్ని ఎత్తడం, తన పేగులనే తంత్రులుగా చేసి రుద్రవీణ మీటడం – రవికాంత్ నగాయిచ్ ఛాయాగ్రహణంలోని ఈ ఘట్టాలను నేటికీ ముచ్చటగా చూడవచ్చు. అంతటి ప్రతాపం చూపిన నటుడు, కల్యాణఘట్టం రాగానే పక్కకు తప్పుకొని చిత్రాన్ని సీతారాములకు అప్పగించాడు. తాను తెరమీద లేనప్పుడు కూడా చిత్రం నిలబడేటట్లు చూడడం, నటుడే దర్శకుడైనప్పుడు అన్నిటికన్నా కష్టమైన పని. ఆ పెండ్లిపాట వినిపించని శ్రీరామనవమి పందిరి ఈనాటికీ మన ప్రాంతంలో అరుదు.

ఇక 'దానవీరశూరకర్ణ'. 1977 జనవరి 14, సంక్రాంతి. అదే రోజున మన తెనాలి దగ్గరి బుర్రిపాలెం బిడ్డ కృష్ణగారి 'కురుక్షేత్రం' కూడా విడుదలయింది. ఒకే భారతం మీద రెండు చిత్రాలు! పల్లెలు రెండుగా చీలిపోయాయి. నేనప్పుడు ప్రాచ్యకళాశాల విద్యార్థిని. పండుగకు అక్కగారింటికి వెళితే బావగారు బండి కట్టించి అందరినీ చిలకలూరిపేట తీసుకొనిపోయారు. దాదాపు నాలుగు గంటల చిత్రం. కథ, చిత్రానువాదం, నిర్మాణం, దర్శకత్వం అన్నీ ఆయనవే. కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. నలభై మూడు రోజులలో చిత్రీకరణ ముగించారట. తిరుగుబండిలో నేను తప్పుల పట్టిక చదివాను. దుర్యోధనుడికి యుగళగీతం ఏమిటి? ద్రౌపదీ వస్త్రాపహరణానికి కారకుడైనవానిమీద అంత సానుభూతి ఏమిటి? తిక్కన చూస్తే ఏమంటాడు? బావగారు ఎద్దులను అదిలిస్తూ అంతా విని, "సినిమా చూడమంటే తాలుకాయలు ఏరతావేందయ్యా మాష్టారూ!" అన్నారు. నాకింకా ఉద్యోగమే రాలేదు. ఆ 'మాష్టారు' బిరుదు అప్పటినుండి వచ్చిందే.

మిగిలినవాటిని గురించి మాకు పెద్దగా పేచీ లేదు. 'శ్రీకృష్ణపాండవీయం' (1966) ఇద్దరికీ ఇష్టమే. పల్నాటి దాచేపల్లివారైన ధూళిపాళ సీతారామశాస్త్రిగారి శకుని కోసమైనా దాన్ని చూడవచ్చు. శకుని పగకు ఆ చిత్రం చెప్పిన కారణం వ్యాసునిలో లేదు, జనం నోటిలో ఉంది. దాన్ని బావగారు నామీద తరచుగా ప్రయోగిస్తారు: "అక్కడ లేని కథ మెచ్చుకొంటావు, ఇక్కడెందుకు ఒప్పుకోవు?" 'వరకట్నం' జాతీయ పురస్కారం పొందిన మంచి చిత్రం. తొంభైలలోని చివరి రెండు చిత్రాల ప్రస్తావన తెస్తే బావగారే లేచి పశువులకు మేత వేయడానికి వెళ్లిపోతారు.

ఆంగ్లేయులలో లారెన్స్ ఒలివియే కూడా ఇటువంటివాడే. షేక్‌స్పియర్ నాటకాలను తానే నటించి తానే దర్శకత్వం వహించి తీశాడు. ఆయన మూడవ రిచర్డు (1955) కెమెరా వంక సూటిగా చూస్తూ తన దుర్మార్గాన్ని మనతోనే చెప్పుకొంటాడు. మనమూ ఆ దుర్మార్గునితో చేతులు కలిపినట్లవుతుంది. రామారావుగారి దుర్యోధనుడిలోనూ ఆ వశీకరణం ఉంది. అయితే ఒలివియేకు షేక్‌స్పియర్ మాట సిద్ధంగా ఉంది. రామారావుగారికి మాట కావలసివచ్చింది. దానికోసం ఆయన ఎవరిని ఆశ్రయించారో చూడండి: సత్తెనపల్లి ప్రాంతపు విప్పర్లలో పుట్టిన కొండవీటి వెంకటకవిగారిని. పండితుడు, పైగా హేతువాది! పౌరాణిక చిత్రానికి హేతువాది చేత సంభాషణలు వ్రాయించాలని తోచడమే దర్శకత్వమని నేనిప్పుడు ఒప్పుకొంటాను.

కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం మీకందరికీ తెలుసు. రంగంలో దిగిన కర్ణుని కులమడుగుతారు. దుర్యోధనుడు లేచి, అడిగినవారి కులాల పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పి చూపుతాడు. ఇది సినిమా కల్పన అని నేను చాలాకాలం వాదించాను. కానీ దాని విత్తు నన్నయగారి ఆదిపర్వంలోనే ఉంది. శూరుల జన్మమూ, నదుల జన్మమూ విచారించరాదన్న భావం అక్కడిదే. వెంకటకవిగారు ఆ విత్తును మన నల్లరేగడిలో నాటి పెంచారు. దీర్ఘసమాసాలతో నిండిన ఆ సంభాషణను, సమాసమంటే తెలియని పాలేళ్లు, రిక్షావాళ్లు ఊపిరి తిప్పుకోకుండా అప్పగించేవారు. నేను ఏటా అదే ఘట్టాన్ని తరగతిలో ప్రతిపదార్థాలతో చెప్పేవాడిని. పిల్లలు ఆవులించేవారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దాన్ని చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

1990 ప్రాంతంలో ఒక పల్లె బడిలో వార్షికోత్సవం. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నా దగ్గరకు వచ్చి దుర్యోధనుని సంభాషణ చెబుతానన్నాడు. తల్లిదండ్రులు ప్రత్తితీతకు, మిరపకోతకు కూలికి వెళ్లేవారు. "సినిమా మాటలు బడిలో వద్దు. ఆ ఘట్టానిదే నన్నయ పద్యం నేర్చుకో" అన్నాను. రెండు రోజుల తరువాత వచ్చి, పద్యం నోరు తిరగడం లేదన్నాడు. "అయితే కూర్చుని చూడు" అన్నాను. పద్యాన్ని మోతుబరి ఇంటి పిల్లవాడొకడు శ్రావ్యంగా పాడాడు. చప్పట్లు కొట్టారు. ఈ కుర్రవాడు ఆ సాయంత్రం రాలేదు. మరుసటి ఏడు బడిలో కూడా లేడు. దానికి నేనే కారణమని చెప్పలేను. కూలి ఇళ్ల పిల్లలు పదికి రాకముందే పనికి పోవడం అక్కడ మామూలే. కానీ ఒక్కసారైనా నా ఎదుట చెప్పి చూపమని అడగలేదు. వాడు దాన్ని ఎలా చెప్పేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉద్యోగవిరమణ చేసిన ఏడు కల్లం దగ్గర ఈ సంగతి బావగారితో అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ పలకలేదు. చివరకు, "రంగంలోకి దిగినోణ్ణి నువ్వు గూడా కులమడిగినట్టే గదయ్యా" అన్నారు. నేను అడిగింది ఉచ్చారణను మాత్రమేనని చెప్పబోయాను. కృపాచార్యుడు కూడా మర్యాదగానే అడిగాడని జ్ఞాపకం వచ్చి ఊరుకొన్నాను.

అంతమాత్రాన నా తీర్పు మార్చుకోలేదు. దర్శకుని పనితనం చూడాలంటే నేటికీ 'సీతారామకల్యాణం' పేరే చెబుతాను. 'దానవీరశూరకర్ణ' అతుకులబొంత, కొన్ని యుద్ధఘట్టాలు చూస్తుంటే తొందర తెలిసిపోతుంది, నిడివి మరీ ఎక్కువ. కానీ 'సీతారామకల్యాణం' చూసి ఏ కూలివారి పిల్లవాడూ నా దగ్గరకు వచ్చి నేనిది చెబుతానండీ అని అడగలేదు. ఈ లెక్కను ఏ ఖాతాలో వ్రాయాలో నాకింతవరకు తేలలేదు.

మొన్న ఫాల్గుణంలో మళ్లీ కల్లం దగ్గర పడుకొన్నాం. బావగారికి ఎనభై దాటాయి. కాపలా మనవడిది, మేమిద్దరం మంచాలకు కాపలా. మనవడు ఫోనులో ఆ చిత్రమే పెట్టాడు. కులప్రసక్తి ఘట్టం వచ్చింది. వినికిడి తగ్గిన బావగారి పెదవులు ఫోను కన్నా ఒక మాట ముందే కదులుతున్నాయి. నేను కదలకుండా విన్నాను.

"ఏం మాష్టారూ, ఈసారి తాలు ఏరలేదే?" అన్నారు, ఘట్టం అయిపోయాక.

"యుగళగీతం రానీ బావా, అక్కడ ఏరుకొంటాను" అన్నాను.

"ఆ పాటకు ముందే నిద్రపోతావులే" అని మనవణ్ణి కేకేసి, శబ్దం ఇంకొంచెం పెంచమన్నారు.