ఎనిమిదుల జత

డాలస్‌లో శుక్రవారం రాత్రి, మిత్రుడి ఇంట్లో భోజనాల బల్ల మీద పోకర్. అరచేతి చాటున ముక్కల అంచు ఎత్తి చూశాను. ఇస్పేటు ఎనిమిది, ఆఠీను ఎనిమిది.

ఆసుల జతైతే ఆలోచనే లేదు. ఎనిమిదులే మనిషిని కూర్చోబెట్టి నిలదీస్తాయి. ఎదుటివాడి దగ్గర ఆసూ రాజూ ఉంటే మొగ్గు నాదే, నూటికి 55. రాణుల జత ఉంటే 20కి కూడా తూగను. మొదటి మూడు ముక్కలు పరిచాక చూద్దాంలే అనుకుంటే, నూటికి 87 సార్లు ఎనిమిదిని మించినది ఒకటైనా దిగుతుంది. ముందే ఉన్నదంతా తోసేస్తే అవతలివాడు బెదిరి ముక్కలు పారేయొచ్చు. ఒప్పుకుని వెనకాల వచ్చేవాడికి ఆ వెసులుబాటు లేదు.

సంక్రాంతికి అరుగు మీద మూడు ముక్కలాటలో మా మామయ్య జత పడితే చాలు, బొటనవేలితో ముక్కలు జరుపుతూ నానుస్తూ ఉండేవాడు. జేబులో రెండు రూపాయలు మిగిలాక షో అడిగేవాడు. "ఆ అడిగేదేదో ఇందాకే అడగొచ్చుగా" అనేది అత్తయ్య, వంటింట్లోంచే.

ఉద్యోగం వదిలి ఇక్కడికి రావడం, ఇల్లు కొనడం... తలచుకుంటే నా చేతికి ఆసులు పడిందెప్పుడు?

నా ముందు తొమ్మిది బ్లైండ్లకు, అంటే ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందేలకు, సరిపడా బిళ్లలున్నాయి. తోసేశాను. ఎవరూ రాలేదు.