తడి బట్టలు, బల్బుల తీగలు

శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్లేవాళ్లకి ఒక మాట. చక్రతీర్థ స్నానం అయ్యాక వంశధార నుంచి తడి బట్టలతో, చెప్పుల్లేకుండా కొట్ల మధ్యే నడిచొస్తాం. పక్కనే ఇనుప గొట్టాలకి చుట్టిన సీరియల్ బల్బుల తీగలు. నా భయమంతా అక్కడే.

పొడి చర్మం కరెంటుని కొంత అడ్డుకుంటుంది. తడిస్తే ఆ అడ్డు బాగా తగ్గిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలోది 12 వోల్టుల డీసీ, పొడి చేత్తో తాకితే మామూలుగా తెలియను కూడా తెలియదు. అదే ఇన్వర్టర్ బయటికిచ్చేది 230 వోల్టుల ఏసీ. సెకనుకి 50 సార్లు ఊగే ఆ ఏసీ కండరాల్ని బిగించేస్తుంది, పట్టుకున్న తీగని వదల్లేం. గుండె లయ తప్పడానికి డీసీ కన్నా తక్కువ కరెంటే చాలు. అలాగని డీసీని తేలిగ్గా తీసుకోకండి, మేడమీది సోలార్ పలకల వరసలో వందల వోల్టులు ఉండొచ్చు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన శ్రీకాకుళం జిల్లాలో స్తంభాలు వరసగా కూలాయి కదా. అలా కరెంటు పోయినప్పుడు మెయిన్ ఆపకుండా ఇంటి వైరింగుకి జనరేటర్ కలిపితే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి 11,000 వోల్టులై, స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు.

కొట్లు పెట్టే అన్నలారా, 30 మిల్లీఆంపియర్లు లీకైతే ఆగిపోయే ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, చేత్తో లాగొద్దు.