సార్ రాలేదా మేడమ్?

మా ఇంట్లో మొదటి కారు 2011లో కొన్నాం. బ్యాంకు అప్పు నా పేరున, వాయిదాలు నా జీతంలోంచి. బేరం మాత్రం మా ఆయనా, మా మరిదీ చేశారు. షోరూములో నన్ను సోఫాలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇచ్చారు. వేలితో చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. తాళం చెవి ఆయన చేతికిస్తూ ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేను పక్కన నిమ్మకాయల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. మర్నాడు కాలేజీలో "ఎంతకొచ్చింది?" అని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను.

నన్నెవరో నోరు మూయించారని చెప్పను. ఆ రోజు నాకు హాయిగానే ఉంది. ఇప్పుడు బాధపెడుతున్నది ఆ హాయే.

ఎందుకంటే నాకు బేరం రాక కాదు. తోటకూర కట్ట దగ్గర, చీర దగ్గర, ఆటో ఎక్కేటప్పుడు రోజూ చేసే పనే అది. దాని మీద ఎన్ని జోకులు, ఎన్ని కార్టూన్లు! రూపాయల్లో బేరమైతే ఆడవాళ్ళ పీనాసితనం. లక్షల్లో అయితే మగవాళ్ళ వ్యవహారదక్షత.

2025 అక్టోబరులో ఆ పాత కారు తీసేసి చిన్న కారు కొందామనుకున్నాను. "నేనూ రానా?" అన్నారాయన. మీరొస్తే వాళ్ళు మీతోనే మాట్లాడతారు, వద్దన్నాను.

షోరూములో కుర్రాడి మొదటి ప్రశ్న, "సార్ రాలేదా మేడమ్?" రంగులు చూపించాడు, అద్దం ఎలా మడుచుకుంటుందో చూపించాడు. ధర అడిగితే అన్నీ కలిపి ఒక్క అంకె చెప్పాడు. విడివిడిగా రాసిమ్మన్నాను. మూడోసారి అడిగాక కాగితం తీశాడు.

కారు ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ - వీటితో నాకు పేచీ లేదు. దాని కింద ఇన్సూరెన్స్ 41,000. హ్యాండ్లింగ్ చార్జీలు 9,500. యాక్సెసరీస్ 24,000, "అందరూ తీసుకుంటారు మేడమ్". హ్యాండ్లింగ్ అంటే ఏమిటంటే, గోడౌన్ నుంచి బండి తెచ్చి కడిగి ఇవ్వడమట. అమ్మే సరుకు కొట్టుకి తెచ్చుకున్నందుకు నేనెందుకివ్వాలి? థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొత్త కారుకి మూడేళ్ళది ఒకేసారి తీసుకోవాలన్నది నిజమే. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2018 సెప్టెంబరు నుంచీ ఉన్న నిబంధన అది. కానీ ఆ పాలసీ షోరూములోనే కొనాలని ఎక్కడా లేదు. అవే షరతులతో బయట 31,500కి ఇస్తామన్నారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇయాన్ అయర్స్, పీటర్ సీగల్‌మన్ అనే ఇద్దరు చేసిన అధ్యయనం 1995లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది. షికాగో ప్రాంతంలోని కార్ల డీలర్ల దగ్గరికి స్త్రీలనూ పురుషులనూ, తెల్లవాళ్ళనూ నల్లవాళ్ళనూ పంపారు. అందరికీ ఒకే శిక్షణ, ఒకే తీరు బేరం. అయినా తెల్ల మగవాళ్ళకి చెప్పిన ధర కంటే తెల్ల స్త్రీలకి ఎక్కువ చెప్పారు. నల్ల స్త్రీలకి అంతకంటే ఎక్కువ, నల్ల మగవాళ్ళకి అందరికంటే ఎక్కువ. అంటే బేరం చేతకాకపోవడం కాదు. నోరు తెరవకముందే మనిషిని చూసి ధర తయారవుతోంది.

నేను హ్యాండ్లింగ్, యాక్సెసరీస్ కొట్టేయమన్నాను, ఇన్సూరెన్స్ బయట తీసుకుంటానన్నాను. ఆ తర్వాత అసలు ధరలో ఎంత తగ్గిస్తారని అడిగాను. "సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కదా మేడమ్, ఇంకేం తగ్గిస్తాం" అన్నాడు. అది ప్రభుత్వం తగ్గించింది, మీరెంత తగ్గిస్తారన్నాను.

అక్కడ మా అమ్మ గుర్తొచ్చింది. సుల్తాన్ బజార్‌లో చీర నచ్చినా మొహంలో కనపడనిచ్చేది కాదు. ఒక అంకె చెప్పి ఊరుకునేది. ఆ మౌనాన్ని తను ముందు పోగొట్టేది కాదు. కుదరకపోతే లేచి రెండడుగులు వేసేది. నేనూ లేచాను. అద్దాల తలుపు దాకా వెళ్ళాక, "మేడమ్, ఒక్క నిమిషం, మేనేజర్‌గారితో మాట్లాడతా" అని వెనక నుంచి పిలుపు. 12,000 తగ్గింది.

"సార్ బాగా నేర్పించి పంపారు మేడమ్" అన్నాడు నవ్వుతూ.

"సార్ కాదు బాబూ, మా అమ్మ" అన్నాను. అమ్మకి కారు ఎక్కడమే గానీ కొనే రోజు రాలేదు.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. మొత్తం మిగిలింది 55,000. అందులో బేరంతో తగ్గింది 12,000 మాత్రమే. మిగతా 43,000 బేరం కాదు, కాగితం చదవడం. 2011 నాటి కాగితం వెతికాను, దొరకలేదు. అసలు నాకెవరైనా చూపించారో లేదో కూడా గుర్తులేదు.

గెలిచానని చెప్పుకోవడానికి మనసొప్పడం లేదు. నాకు ఉద్యోగం ఉంది, ఇంగ్లీషు ఉంది, మూడు షోరూములు తిరగడానికి సెలవులున్నాయి. కుట్టుపని చేసి స్కూటీ కొనుక్కునే అమ్మాయికి ఆ ఒక్క అంకే చెప్తారు. ఆమె అదే కడుతుంది.

కారు ఇచ్చే రోజు కుర్రాడు తాళం చెవి పట్టుకుని అలవాటుగా నా వెనక్కి చూశాడు. నేను చెయ్యి చాపాను.

మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన అమ్మాయి వచ్చే నెల కారు కొంటానంటోంది. తోడు రమ్మంది. నేను తోడు వెళ్తే నేనే ఆమెకి "సార్" అవుతాను. నా కాగితం జిరాక్స్ తీసి ఇచ్చాను.