రంగు పూసిన గుల్లలో పీత

అమెరికా సముద్రతీరపు దుకాణాల్లో పెంచుకోవడానికని అమ్మే నేలపీతల్లో ఎక్కువ భాగం కరీబియన్ సన్యాసి పీతలే. శాస్త్రీయ నామం సీనోబిటా క్లిపియేటస్. ఫ్లోరిడా దక్షిణం నుంచి వెనిజులా దాకా దీవుల్లోనూ తీరాల్లోనూ ఉంటుంది. పొట్ట మెత్తన కనుక చచ్చిన నత్త గుల్లలో దూరి, ఆ గుల్లను మోసుకుంటూ తిరుగుతుంది. ఎడమ డెక్క పెద్దది, ఊదారంగు. ముడుచుకున్నప్పుడు గుల్ల వాకిలికి దాన్నే తలుపులా అడ్డం పెట్టుకుంటుంది.

ఇది రాత్రి తిరిగే ప్రాణి. మధ్యాహ్నం చూస్తే బాగున్నదీ, చావుకు దగ్గరైనదీ ఒకేలా ముడుచుకుని కనిపిస్తాయి. అందుకే కొనడానికి చీకటి పడే వేళ వెళ్లడం మేలు. గుల్లను వెనకవైపు పట్టుకుని, అరచేతిలో పెట్టుకుని కదలకుండా ఉండాలి. కాసేపటికి మీసాలు బయటికొస్తాయి. ఆరోగ్యమైన పీత మీసాలు క్షణం ఊరుకోవు, గాలిని తడుముతూనే ఉంటాయి. ఆ తర్వాత కాడల మీది కళ్లు, ఆపైన కాళ్లు. మొత్తం పది కాళ్లలో బయట కనిపించేవి రెండు డెక్కలు, నాలుగు నడిచే కాళ్లు. మిగతా నాలుగూ చిన్నవి, లోపలే ఉంటాయి. ఒక కాలు లేనంత మాత్రాన తీసిపారేయనక్కర్లేదు, కుబుసం విడిచినప్పుడు మళ్లీ మొలుస్తుంది. కాళ్లు వేలాడేసిందా, ముట్టుకున్నా వెనక్కి లాక్కోలేదా, గుల్ల వదిలేసి బయట పడి ఉందా, దాన్ని కొనకూడదు. కుళ్లిన చేప వాసన వస్తే అది చచ్చినట్టే. బయటికి రాని పీతను మాత్రం ఎవరూ లాగకూడదు. గుల్ల వదలడం కన్నా తెగిపోవడానికే అది సిద్ధపడుతుంది.

పీత కన్నా ముందు చూడవలసింది దాన్ని ఉంచిన చోటు. నేల మీద బతికినా ఇది పీల్చేది మొప్పలతోనే. ఆ మొప్పలు తడిగా ఉండాలంటే గాలిలో తేమ 80 శాతం దాకా కావాలి. తీగల పంజరంలో, ఏసీ గాలిలో పెట్టిన పీతకు ఊపిరి అందదు, అదీ ఒక్క రోజులో కాదు, వారాల తరబడి. అలాంటి కొట్లో ఎంత చురుకైన పీత దొరికినా నమ్మడానికి లేదు.

ఇక రంగు గుల్లల సంగతి. ఫుట్‌బాల్ జట్ల గుర్తులు, కార్టూన్ బొమ్మలు, మెరుపు పొడి. పిల్లలు చెయ్యి చాచేది వీటికే, అందుకే వాటిని ముందు వరసలో పేరుస్తారు. ఆ పెయింటు పెచ్చులూడుతుంది, పీత ఆ పెచ్చుల్ని తినేస్తుంది. అంతకన్నా ఘోరం మరొకటుంది: రంగు గుల్లలోకి మారేలా పీతను బలవంతపెట్టే వ్యాపారులూ ఉన్నారు. గుల్ల పీతకు అలంకారం కాదు, ఒంట్లో నీటిని ఆవిరైపోకుండా కాపాడేది అదే. బెర్ముడా దీవిలో ఈ పీతలు వాడే పెద్ద నత్తను మనుషులు తిని తిని అంతరింపజేస్తే, అక్కడి పీతలు రాళ్లలోంచి బయటపడ్డ శిలాజ గుల్లల్లో తలదాచుకున్నాయి. 1982లో ఆ నత్తను బయటినుంచి తెచ్చి వదిలాక గానీ వాటికి కొత్త గుల్లలు దొరకలేదు. వేల ఏళ్లనాటి గుల్లను వెతుక్కుని బతికిన ప్రాణికి జట్టు గుర్తు పూసి అమ్మడం క్రూరత్వమే. దానికి మరో పేరు లేదు.

కాబట్టి సహజమైన గుల్లలో ఉన్నదాన్నే ఎంచుకోవాలి. పెద్ద డెక్క గుల్ల వాకిలిని పూర్తిగా మూయగలిగితే గుల్ల సరిపోయినట్టు. ఇంట్లో ఒంటరిగా కాక కనీసం మరో పీతతో ఉంచాలి. కుబుసం విడవడానికి అది పూర్తిగా పూడుకుపోయేంత లోతుగా తడి ఇసుక, మంచినీళ్ల గిన్నె ఒకటి, ఉప్పునీళ్ల గిన్నె ఒకటి కావాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ తీసేయాలి.

అంగట్లో ఉన్న దాదాపు ప్రతి పీతా ఏదో ఒక తీరం నుంచి పట్టుకొచ్చిందే. దాని పిల్లలు సముద్రంలోనే పెరగాలి, ఇళ్లలో పుట్టించడం బహు అరుదు. సరైన చోట ముప్పై ఏళ్లు బతకగలదు. అంతకాలం తేమ చూసుకునే ఓపిక లేనివాళ్లు దీన్ని కొనకండి.