మిల్ లాక్స్‌లో ఎర రాజకీయం

దుకాణంలో అడుగుపెట్టగానే మొదటి ప్రశ్న చేప గురించి కాదు. “నీళ్లెంత వేడెక్కాయి?” అని కౌంటర్ వెనక నుంచి పెద్దాయన అడుగుతాడు. నన్ను తీసుకొచ్చిన కరీంనగర్ కుర్రాడు మినియాపొలిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెల్‌ఫోన్ చూసి “అరవై రెండు” అంటాడు. ఫారన్‌హీట్‌లో లెండి, మన లెక్కన దాదాపు 17 డిగ్రీలు. పెద్దాయన మరో మాట లేకుండా ఫ్రిజ్ తెరిచి ఓ ప్లాస్టిక్ డబ్బా తీసి ముందు పెడతాడు. మూత తీస్తే నల్లగా మెలికలు తిరుగుతున్న జలగలు.

“మన దగ్గర జలగ అంటే తిట్టు. ఇక్కడ డజన్ల లెక్కన కొంటరన్నా” అని నవ్వుతాడు కుర్రాడు.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నుంచి రెండు గంటలు ఉత్తరంగా వెళితే మిల్ లాక్స్ సరస్సు వస్తుంది. విస్తీర్ణం లక్షా 30 వేల ఎకరాలకు పైనే. లోతు మాత్రం ఎక్కడా 13 మీటర్లు దాటదు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. ఇక్కడికి జనం ఎక్కువగా వచ్చేది ఒక చేప కోసం, వాలై కోసం. మనకు కొర్రమీను ఎలాగో వీళ్లకు అది అలాగ. 1965 నుంచి మిన్నెసోటా రాష్ట్ర చేప కూడా అదే. దాని కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. టార్చి వేస్తే పిల్లి కళ్లలా మెరుస్తుంది. మసక వెలుతురులో, అలలు లేచి నీళ్లు కలకబారినప్పుడు ఎదుటి చేపకు కనిపించనిది దీనికి కనిపిస్తుంది. కాబట్టి వేట సూర్యోదయానికి ముందో, పొద్దు వాలాకో.

ఎర సంగతికొస్తే, పెద్దాయన దగ్గర క్యాలెండర్ లేదు, థర్మామీటరే ఉంది. మే నెల మధ్యలో వేట మొదలయ్యేసరికి నీళ్లింకా చల్లగానే ఉంటాయి. గుడ్లు పెట్టి అలిసిన వాలై దేని వెంటా పరుగెత్తదు. అప్పుడు సీసం తల ఉన్న చిన్న గాలానికి వేలెడంత పరిగె పిల్లను గుచ్చి, అడుగున మెల్లగా ఈడ్వాలి. ఆ చలిలో జలగ పనికిరాదు, ఉండ చుట్టుకుని కూర్చుంటుంది. జూన్‌లో నీళ్లు వేడెక్కాక దానికి ప్రాణం లేచొస్తుంది. రిబ్బనులా అలలు పోతూ ఈదుతుంది. వాలైకి ఆ కదలికే కావాలి. నడివేసవిలో లావాటి ఎర్రలు, వాటి ముందు గిర్రున తిరిగే రేకు బిళ్ల. ఆకురాలు కాలంలో చేప చలికాలానికి కొవ్వు పట్టిస్తుంది కాబట్టి చిన్నవాటిని లెక్కచేయదు, పెద్ద పరిగెలే వేయాలి. ఇక సరస్సు గడ్డకట్టాక మంచుకు కన్నం వేసి, మెరిసే లోహపు ముక్కకు పరిగె తల మాత్రం తగిలించి కిందికీ పైకీ ఆడిస్తారు. ఆ మంచు మీద గుడిసెలు వెలుస్తాయి, కార్లు తిరుగుతాయి.

ఎర్రల గురించి ఒక మాట. రైతు నేస్తమని మనం బళ్లో చదువుకున్న వానపాముకు ఇక్కడ ఆ గౌరవం లేదు. మంచుయుగం హిమానీనదాల తర్వాత ఈ అడవుల్లో వానపాములే లేవు. ఇప్పుడున్నవి ఐరోపా వలసదారులతో వచ్చినవి, ఎర డబ్బాల్లోంచి ఒలకబోసినవి. ఇవి రాలిన ఆకుల పరుపును తినేస్తే ఆ పరుపులో మొలిచే మొక్కలకు నిలువనీడ ఉండదు. అందుకే మిగిలిన ఎర్రలను నేల మీద పారేయకూడదు, చెత్తబుట్టలో వేయాలి.

చట్టం ప్రస్తావన రాగానే పెద్దాయన గొంతు మారుతుంది. 1837 ఒప్పందంలో ఓజిబ్వే ఆదివాసులు ఈ ప్రాంతాన్ని అమెరికాకు అప్పగించారు, వేటాడుకునే, చేపలు పట్టుకునే హక్కును మాత్రం ఉంచుకున్నారు. కాగితం మీద బతికున్న ఆ హక్కును రాష్ట్రం ఒప్పుకోలేదు. చివరికి 1999లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆదివాసుల పక్షాన తీర్పిచ్చింది. ఏటా ఎన్ని చేపలు పట్టవచ్చో లెక్కగట్టి రెండు వాటాలు వేస్తున్నారు. వసంతంలో మంచు కరగగానే ఆదివాసులు వలలు వేస్తే, ఒడ్డున కొందరు గొణుగుతారు.

ఈలోగా సరస్సే మారిపోయింది. 2005లో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప ఇక్కడ బయటపడింది. అది నీటిని వడగట్టి తేటపరుస్తుంది. మనకు అందంగా కనిపించే ఆ తేటనీరే మసకను నమ్ముకున్న వాలైకి గిట్టదు. పిల్లల్లో పెద్దయ్యేవి తగ్గాయి. 2015 ఆగస్టులో గాలం వాళ్ల వాటా అయిపోయి, సీజన్ మధ్యలోనే వాలై వేట ఆపేశారు. 2016 వేసవిలో పట్టిన ప్రతి వాలైనీ వదిలేయాలన్నారు, పైగా బతికున్న ఎర వాడొద్దన్నారు. కారణం సులువే. ప్లాస్టిక్ ఎరైతే గాలం సాధారణంగా పెదవికి తగులుతుంది. అసలు జలగను చేప మింగేస్తుంది. నీళ్లు వేడిగా ఉంటే, వదిలేసినా చాలా చేపలు బతకవు. అలా చచ్చేవాటిని కూడా అంచనా కట్టి వాటాలో కలుపుతారు.

“జలగలమ్ముకునే వాణ్ని జలగలు వద్దంటే?” అంటాడు పెద్దాయన. ఆయన కష్టం నిజమే. కానీ వలలే చేపల్ని మాయం చేశాయన్న ఆయన వాదన నాకు అతకలేదు. వల చేపలు లెక్కకొస్తాయి. గాలం మింగి, నీళ్లలోకి జారి, ఎవరూ చూడని చోట చచ్చిన చేపను అంచనా వేయాల్సిందే.

అలాంటి ఒక చేపను సాయంత్రం నేనే పట్టాను. తీగ బరువుగా కదిలినప్పుడు, “ఆగన్నా, తిననియ్యి” అన్నాడు కుర్రాడు. ఆగాను. అదే తప్పు. పైకి లాగితే జానెడున్నర వాలై, బంగారు రంగు పొట్ట. జలగ లేదు, గాలమూ కనిపించలేదు. నోటి పక్కనుంచి సన్నగా నెత్తురు. ఆ రోజు నిబంధన ప్రకారం ఉంచుకోదగ్గ పొడవు కాదు, వెంటనే వదలాలి. కుర్రాడు గాలాన్ని పెరకలేదు, తీగను నోటి దగ్గర కత్తిరించాడు. అలా చేస్తే బతికే అవకాశం ఎక్కువట. చేప ఒక క్షణం పక్కకు ఒరిగి తేలింది. తర్వాత తోక ఆడించి కిందికి వెళ్లిపోయింది. కోర్టు, ఒప్పందం, వాటాల గురించి నోటు పుస్తకంలో రాసుకున్నదంతా నాకు అప్పుడు కాస్త దూరంగా తోచింది.

గట్టుకు వచ్చాక కుర్రాడు డబ్బాలోని సరస్సు నీళ్లు నేల మీద ఒంపి, ఇంటి నుంచి తెచ్చిన సీసా నీళ్లు పోశాడు. ఈ నీటిలోని పురుగూ పుట్రా వేరే సరస్సుకు పోకూడదని నియమం. “జలగలకు మినరల్ వాటరన్నా” అని, మూత గట్టిగా బిగించాడు. ఆ రాత్రి ఆ డబ్బా వాళ్లింటి ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన చేరింది. వాళ్లావిడ చూసి, పచ్చడి సీసాను పై అరలోకి మార్చింది.